పెరటి తలుపు ఎంతవరకు తెరవాలి?

(ఇంటి కూరగాయల పెరడు, అందులో మేలు చేసే జీవుల గురించిన ప్రసంగ పాఠం)



తొలకరి వాన కురిసిన మరునాటి ఉదయం తడి నేల మీద ఎర్రని ముఖమల్ చుక్కల వంటి పురుగులు నెమ్మదిగా పాకుతూ కనిపిస్తాయి. తెలుగునాట వాటిని ఆరుద్ర పురుగులంటారు. చంద్రపూర్‌లో పక్కింటి మరాఠీ అవ్వ వాటినే ‘మృగాచా కిడా’ అంటుంది. తెలుగువారు ఆరుద్ర కార్తె పేరు పెట్టారు. మరాఠీవారు దానికి ముందు వచ్చే మృగశిర పేరు పెట్టారు. పేర్లు రెండైనా పురుగు ఒక్కటే. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే దాగి ఉండి, తొలి వానలకు పైకి వచ్చి, చిన్న పురుగులను, వాటి గుడ్లను తిని బతికే జీవి అది. దానివల్ల పైరుకు మేలే తప్ప కీడు లేదు. పెద్దలు దానిని చూసి వానలు వచ్చాయని సంతోషించేవారు. పిల్లలు అరచేతిలోకి తీసుకుని, మళ్లీ నేల మీదనే విడిచిపెట్టేవారు.

ఈ ప్రసంగానికి విషయం అటువంటి జీవులే. ఇంటి వెనుక నాలుగు గజాల స్థలంలోనో, డాబా మీది కుండీలలోనో కూరగాయలు పండించుకునే కుటుంబానికి అడగకుండానే సాయం చేసే చిన్న ప్రాణులు అనేకం ఉన్నాయి. వాటిని ఎలా పిలవాలి, ఎలా నిలుపుకోవాలి అన్నది మొదటి ప్రశ్న. తలుపు ఎంతవరకు తెరవాలి, ఎక్కడ మూయాలి అన్నది రెండవ ప్రశ్న. చంద్రపూర్ వంటి ఊరిలో మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండవదాన్ని విడిచిపెట్టడం బాధ్యత అనిపించుకోదు.

చంద్రపూర్‌లో తెలుగు పెరడు

చంద్రపూర్ జిల్లాకు తెలుగు కొత్త కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు రాజురా ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, సిమెంటు కర్మాగారాలు, థర్మల్ విద్యుత్ కేంద్రం తరతరాలుగా తెలుగు కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. వచ్చినవారు తమతోపాటు విత్తనాల మూటలు కూడా తెచ్చుకున్నారు. అందుకే కాలనీ క్వార్టర్ల వెనుక గోంగూర, బచ్చలి, తోటకూర, దొండ పందిరి, బీర పందిరి, ఒక మూల కరివేప చెట్టు నేటికీ కనిపిస్తాయి. గోంగూరను ఇక్కడి సంతలో ‘అంబాడి’ అని అడగాలని నేర్చుకున్న ఇల్లాలు, దానిని కొనవలసిన అవసరమే లేకుండా పెరట్లో పెంచుకుంటుంది.

అయితే ఈ ఊరి వాతావరణం తేలికైనది కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతకు ఇక్కడ ప్రతి ఏటా ఋజువు దొరుకుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం చంద్రపూర్ వాసులకు వింత కాదు. ఆ వేడిలో మొక్కతోపాటు మొక్కను కాపాడే పురుగు, పిట్ట, కప్ప కూడా అల్లాడిపోతాయి. వానలు మొదలైన వెంటనే చీడపీడలు ముందుగా తేరుకుంటాయి. వాటిని తినే జీవులు తేరుకోవడానికి మరికొంత సమయం పడుతుంది. ఆ మధ్య కాలంలోనే చాలామంది తొందరపడి పురుగుమందు సీసా మూత తీస్తారు.

కాయ నిలవని బీర పందిరి

కాలనీలలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉంది. బీర తీగ పందిరి నిండా అల్లుకుంటుంది. పసుపు పూలు విరగబూస్తాయి. పిందెలు మాత్రం వేలెడంత పొడవు కాకముందే పసుపుబారి రాలిపోతాయి. ఇంటివారు దానిని తెగులు అనుకుంటారు. దుకాణదారు ఒక మందు ఇస్తాడు. పిచికారీ చేసిన తరువాత కాపు మరింత తగ్గుతుంది. ఇంకొంచెం గాఢమైన మందు వస్తుంది.

ఇటువంటి సందర్భాలలో చాలావరకు తీగకు తెగులేమీ ఉండదు. బీరలో మగపూలు గుత్తులుగాను, ఆడపూలు అడుగున చిన్న పిందెతో ఒంటరిగాను పూస్తాయి. మగపూవు పుప్పొడి ఆడపూవును చేరితేనే పిందె కాయగా ఎదుగుతుంది. చేరకపోతే రాలిపోతుంది. ఆ పుప్పొడిని మోసుకుపోయేవి తేనెటీగలు, తుమ్మెదలు, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, కాకర పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. సాయంత్రం ఇంటికి వచ్చి, తీరిక దొరికిందని బీర పందిరి మీద మందు కొట్టే మనిషి, సరిగ్గా పూల తలుపులు తెరుచుకునే వేళకు వచ్చే అతిథులను చంపుతున్నాడన్నమాట.

టమాట, వంకాయల సంగతి ఇంకొక రకం. వాటి పుప్పొడి సన్నని గొట్టాల వంటి కేసరాలలో బిగుసుకుని ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద పూవును పట్టుకుని ఝుమ్మని కంపించినప్పుడు అది రాలుతుంది. గాలికి కూడా కొంత రాలుతుంది గాని, తుమ్మెద వచ్చిన మొక్కకు కాపు మెరుగ్గా ఉంటుంది. ఆ తుమ్మెద ఎండిన కొయ్యలో, వెదురులో తొర్ర చేసుకుని గూడు పెడుతుంది. పందిరికి వేసిన పాత వెదురు బొంగులో రంధ్రం కనిపిస్తే అది పాడైపోయిందని పారేయకుండా ఒక మూల కట్టి ఉంచడం మంచిది.

మిత్రులెవరు, శత్రువులెవరు?

పేరు తెలియని జీవి కనిపించగానే శత్రువు అనుకోవడం సహజం. అందుకే మొదట పరిచయాలు అవసరం.

లేత చిక్కుడు కొమ్మల మీద నల్లగా మూగే పేనుబంకను తినే పురుగులలో అక్షింతల పురుగు ముఖ్యమైనది. శనగ బద్ద ఆకారంలో, నున్నగా మెరుస్తూ, ఎరుపు లేదా నారింజ రంగు వీపు మీద నల్లని మచ్చలతో ఉంటుంది. దాని పిల్లపురుగు మాత్రం చిన్న మొసలిలా, నల్లగా, గరుకుగా ఉండి తల్లిని ఏమాత్రం పోలదు. తెలియనివారు దానినే ముందుగా నలిపేస్తారు. నిజానికి ఆ పిల్లపురుగు ఎదిగేలోగా కొన్ని వందల పేనులను తింటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వంగ ఆకులను గీకి జల్లెడలా చేసే మరొక పురుగును కూడా తెలుగు రైతులు అక్షింతల పురుగనే పిలుస్తారు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవైనా ఒకటి రక్షకుడు, రెండవది దొంగ. వంగను తినేదాని వీపు మెరవదు. సన్నని నూగుతో మసకగా ఉండి, మచ్చలు చాలా ఎక్కువగా, తరచుగా 28 వరకు ఉంటాయి. దాని పిల్లపురుగు పసుపు రంగులో, ఒంటినిండా కొమ్మలు కట్టిన ముళ్లతో ఉంటుంది. మెరిసేదాన్ని ఉంచాలి. మసకగా ఉండి వంగ ఆకును గీకేదాన్ని చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయాలి. రెండింటి మీదా ఒకే మందు చల్లితే దొంగతోపాటు కాపలాదారు కూడా పోతాడు.

లేత ఆకుపచ్చని రెక్కలతో దీపం దగ్గరికి వచ్చే అల్లిక రెక్కల పురుగు, బంతి పూల మీద గాలిలో నిలబడినట్టు కనిపించే సిర్ఫిడ్ ఈగ, చేతులు జోడించినట్టు కూర్చునే గొల్లభామ, దోమలను గాలిలోనే పట్టే తూనీగ, ఆకుల మధ్య వల కట్టే సాలీడు ఇదే పక్షానికి చెందినవి. కంటికి ఆననంత చిన్న కందిరీగలు కూడా ఉన్నాయి. అవి పురుగుల గుడ్లలోనో, శరీరాలలోనో తమ గుడ్లు పెట్టి వాటిని లోపలి నుంచే అంతం చేస్తాయి. వాటి శక్తి ఎంతటిదో ఈ దేశం చూసింది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడి దక్షిణాది తోటలను, పెరటి మందారాలను కూడా తెల్లని బూజులా కమ్మేసింది. మందులు ఫలించలేదు. 2010లో శాస్త్రవేత్తలు ప్యూర్టోరికో నుంచి ఒక చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి విడిచిపెట్టాక ఆ పీడ అదుపులోకి వచ్చింది.

నేల మీది మిత్రులలో మొదటిది గోదురుకప్ప. పగలంతా తడి నీడలో నక్కి, రాత్రి బయటికి వచ్చి బొద్దింకలు, పురుగులు, నత్తలు తింటుంది. దాని బుడిపెల చర్మాన్ని చూసి అసహ్యించుకోనవసరం లేదు. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది అపోహ మాత్రమే. కప్ప కాళ్లను విదేశాలకు అమ్మే వ్యాపారాన్ని భారతదేశం 1987లో నిషేధించింది. పొలాల్లో కప్పలు తగ్గితే పురుగులు పెరుగుతాయన్న ఆందోళన ఆ నిర్ణయం వెనుక ఉన్న కారణాలలో ఒకటి. తొండ, బల్లి, నున్నగా మెరిసే నలికిరి కూడా పురుగులు తినే జీవులే. నలికిరి విషజంతువన్న భయం పల్లెల్లో ఉంది గాని, దానికి విషం లేదు.

పక్షులలో గోరువంక, పిగిలిపిట్ట, నల్లని ఏట్రింత, తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట పురుగులను ఏరుకుని తింటాయి. పిచ్చుక గింజలు తినే పక్షే అయినా, పిల్లలకు మాత్రం మెత్తని పురుగులనే తెచ్చి పెడుతుంది. ఇంటి చూరుకు వరి కంకుల కుచ్చు వేలాడదీసే తెలుగువారి పాత అలవాటులో పిచ్చుక పట్ల దయతోపాటు లెక్క కూడా ఉంది. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చైనా అనుభవించింది. 1958లో పిచ్చుకలు గింజలు తింటున్నాయని అక్కడ వాటిని వెంటాడి చంపారు. పురుగులు, మిడతలు విజృంభించాయి. రెండేళ్లలోనే ఆ జాబితా నుంచి పిచ్చుక పేరు తొలగించి నల్లి పేరు చేర్చవలసి వచ్చింది.

మందు సీసాకు వెనుక ఉన్న కథ

పురుగుమందు కొట్టిన వారం రోజులకే పేనుబంక మళ్లీ రెట్టింపుగా వచ్చిందని చాలామంది వాపోతారు. కారణం సులువైనది. పేనుబంక మగదాని అవసరం లేకుండానే పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. దానిని తినే అక్షింతల పురుగు ఒక తరం పూర్తి చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మందు రెండింటినీ చంపినా, తిరిగి లేచే వేగం శత్రువుదే. అందువల్ల ఒకసారి మొదలుపెట్టిన మందును ఆపడం కష్టమవుతుంది.

ఇది పెరటికే పరిమితమైన నష్టం కాదు. 2017 వర్షాకాలంలో పొరుగునే ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ విషప్రభావానికి గురై 20 మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. మోనోక్రోటోఫాస్ వంటి మందును కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అయినా పత్తి కోసం కొన్న సీసాలో మిగిలినదాన్ని పెరటి వంగకు కొట్టే అలవాటు ఊళ్లలో పూర్తిగా పోలేదు. పొలంలో కొట్టిన మందుకు, సంతకు వెళ్లే కాయకు మధ్య కొన్ని రోజుల దూరమైనా ఉంటుంది. పెరట్లో ఉదయం కొట్టిన మొక్క నుంచి మధ్యాహ్నమే కాయ కోసి కూర వండే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడు కూడా తెలుగు నేల మీదనే దొరికింది. పాల్వంచకు సమీపంలోని పునుకుల గ్రామంలో పత్తి, మిర్చి రైతులు మందుల అప్పులలో కూరుకుపోయి ఉండేవారు. అక్కడ కొందరు రైతులు వేపగింజల కషాయంతో, చేలో పక్షులు వాలేందుకు నాటిన కొయ్యలతో, పురుగులను తనవైపు లాక్కునే బంతి, ఆముదం మొక్కలతో సాగు మొదలుపెట్టారు. ఫలితం చూసి మిగిలినవారు కలిశారు. 2003–04 నాటికి ఊరంతా పురుగుమందులను విడిచిపెట్టింది. జనగామ ప్రాంతంలోని ఏనెబావి 2006 నాటికి రసాయన ఎరువులను కూడా మానుకుంది. చంద్రపూర్‌లోని తెలుగు కుటుంబాలలో కొత్తగూడెం, మంచిర్యాల బొగ్గు ప్రాంతాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారికి పునుకుల దూరపు కథ కాదు. ఎకరాల పత్తిలో సాధ్యమైనది నాలుగు గజాల పెరట్లో అసాధ్యం కాదు.

పిలవడం ఎలా?

మేలు చేసే జీవులకు కావలసినవి నాలుగే: పూలు, నీరు, నీడ, మందు లేని కాలం.

పూలలో బంతి మొదటిది. ఇక్కడి మార్కెట్‌లో ‘ఝెండూ’ అంటారు. కూరగాయల మడి అంచున నాలుగు మొక్కలు చాలు. కొత్తిమీర, మెంతి, సోపు మొక్కలన్నింటినీ కోసేయకుండా కొన్నింటిని పూతకు వదలాలి. కొత్తిమీర తెల్లపూలలోని తేనె ఎంత పైపైన ఉంటుందంటే, నోరు చిన్నదైన కందిరీగ కూడా తాగగలదు. తులసి వెన్నులన్నీ ఒకేసారి తుంచకుండా కొన్ని ఉంచితే తేనెటీగలు ప్రతి ఉదయం వస్తాయి. ఆవాలు నాలుగు చల్లితే పేనుబంక ముందుగా ఆ మొక్కల మీదికే చేరుతుంది. దానిని వెతుక్కుంటూ అక్షింతల పురుగు వస్తుంది. అద్దె ఇంట్లో మూడవ అంతస్తులో ఉండేవారు కూడా నిరాశపడనవసరం లేదు. రెక్కలున్న మిత్రులకు మెట్లు అక్కర్లేదు. రెండు కుండీల తులసి, ఒక కుండీ బంతి ఉంటే అవి అక్కడికే వస్తాయి.

నీటికి లోతులేని మట్టి పళ్లెం ఉత్తమం. అందులో నాలుగు గులకరాళ్లు వేస్తే తేనెటీగ వాలడానికి చోటు దొరుకుతుంది. లోతైన పాత్రలో అది మునిగి చస్తుంది. పళ్లెం నీడలో ఉండాలి. ఎండాకాలంలో ఆ నీరు పిచ్చుకకు, ఉడుతకు ప్రాణదానం వంటిది.

నీడకు ఎండుటాకులు మంచి సాధనం. మొక్కల మొదళ్ల చుట్టూ అరచేతి మందం పరిస్తే నేల చల్లగా ఉంటుంది, నీరు ఆదా అవుతుంది, సాలీళ్లకు, వానపాములకు ఇల్లు దొరుకుతుంది. పగిలిన కుండను బోర్లించి అంచున చిన్న సందు వదిలితే కప్పకు అదే భవనం. పందిరికి మించి ఎత్తుగా ఒక కొయ్య నాటి పైన అడ్డకర్ర కడితే ఏట్రింతకు కావలి మంచె దొరుకుతుంది.

చీడ మరీ హెచ్చితే వేపగింజల కషాయం ఉంది. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొంచెం సబ్బు నీరు కలిపి వాడాలి. అది వేప నుంచి వచ్చినదైనా విచ్చలవిడిగా చల్లేది కాదు. పురుగు పట్టిన మొక్కకే, ఆకుల అడుగు భాగాన, పూల మీద పడకుండా, ఎండ తగ్గాక చల్లాలి. కాకరకాయలో పండుఈగ పురుగు కనిపిస్తే ఆ కాయను చెట్టు కింద వదిలివేయరాదు. సంచిలో బిగించి ఎండలో ఉంచి నాశనం చేయాలి. లేత పిందెలకు కాగితపు సంచి తొడిగితే ఈగ గుడ్డు పెట్టలేదు. పూలకు పురుగులు రాని రోజుల్లో సాయంత్రం ఒక మగ బీర పూవును కోసి ఆడపూవుకు తాకిస్తే పిందె నిలుస్తుంది. అయితే అది పురుగులు తిరిగి వచ్చే వరకు చేసే తాత్కాలిక సేవ మాత్రమే.

తలుపు ఎక్కడ మూయాలి?

ఇప్పుడు రెండవ ప్రశ్న. పిట్ట కోసం పెట్టిన నీటి పళ్లెం దోమకు కూడా పనికివస్తుంది. డెంగీని మోసే దోమ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ వరకు వారం పది రోజులు చాలు. ఆ గుడ్లు పాత్ర గోడకు అతుక్కుని, నీరు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. కాబట్టి నీరు మార్చడంతోనే పని పూర్తి కాదు. పళ్లెం లోపలి గోడలను వారానికి ఒకసారి పీచుతో రుద్ది ఎండబెట్టాలి. మరాఠీలో ‘కోరడా దివస్’ అంటే ఈ పనికి కేటాయించిన పొడి దినమే. పళ్లెంతోపాటు కూలరు తొట్టి, కుండీల కింది పళ్లేలు, పాత టైర్లు కూడా ఆ రోజే ఖాళీ కావాలి.

కప్ప ఉన్న చోటికి, ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. ఈ మాట దాచడం వల్ల ప్రయోజనం లేదు. పాములలో ఎక్కువ భాగం విషం లేనివి. జెర్రిపోతు, అంటే మరాఠీ ‘ధామణ్’, ఎలుకలను వేటాడే గొప్ప మిత్రుడు. అది ఆవు పాలు తాగుతుందన్నది కట్టుకథ. కాని నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ప్రాణాంతకమైనవి. మరాఠీలో వాటిని వరుసగా నాగ్, మణ్యార్, ఘోణస్, ఫుర్సే అంటారు. ఆసుపత్రిలోనో, పొరుగువారితోనో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు మాటలు తెలిసి ఉండటం మంచిది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు వల్ల ఏడాదికి సగటున 58,000 మంది మరణించారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇది చిన్న సంఖ్య కాదు.

అందువల్ల కప్ప కుండ, ఆకుల పొర, కొయ్యల పోగు ఇంటి గుమ్మానికి, కిటికీకి, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా, పెరటి చివర ఉండాలి. వంటచెరకు నేల మీద కాకుండా ఎత్తుగా పేర్చాలి. ధాన్యం, కోళ్ల దాణా మూత ఉన్న డబ్బాల్లో ఉంచితే ఎలుకలు తగ్గుతాయి, వాటి వెంట వచ్చే పాములూ తగ్గుతాయి. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లేవారు టార్చి, చెప్పులు కాదు, బూట్లు వాడాలి. కట్లపాము నేల మీద నిద్రించేవారిని రాత్రివేళ కాటేస్తుంది. మంచం, దోమతెర దాని నుంచి కూడా రక్షిస్తాయి.

పాము కనిపిస్తే కర్ర తీయకుండా దూరంగా నిలబడి, దాని మీద చూపు నిలిపి, ‘సర్పమిత్ర’ను గాని, మహారాష్ట్ర అటవీ శాఖ సహాయ సంఖ్య 1926ను గాని పిలవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాములను, ఉడుములను చంపడం నేరం. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, మంత్రం కోసం ఎదురుచూడటం వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

చివరి హద్దు చంద్రపూర్‌కే ప్రత్యేకమైనది. తాడోబా 1955లో జాతీయోద్యానంగాను, 1995లో అంధారీతో కలిసి పులుల అభయారణ్యంగాను ఏర్పడింది. ఆ అడవికి, ఈ నగరానికి మధ్య గోడ లేదు. గనుల చుట్టూ పెరిగిన పొదలు, విద్యుత్ కేంద్రం చుట్టూ ఉన్న చెట్లు పులికి, చిరుతకు దారులయ్యాయి. 2022 ఫిబ్రవరిలో విద్యుత్ కేంద్రం, దుర్గాపూర్ పరిసరాల్లో వెంటవెంటనే జరిగిన దాడుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆ బాధ తెలిసిన ఊరిలో ‘వన్యప్రాణులను పెరట్లోకి పిలవండి’ అన్న మాట విని ఎవరైనా ఉలిక్కిపడితే అది తప్పు కాదు.

పిలవవలసినవి అరచేతిలో పట్టే జీవులు, చెట్టు మీద వాలే జీవులు. వాటికంటే పెద్దవాటికి పెరట్లో ఏ ఆకర్షణా ఉండకూడదు. మాంసపు వ్యర్థాలు, మిగిలిన అన్నం గోడ అవతల పారవేస్తే వీధికుక్కలు, అడవిపందులు వస్తాయి. వాటి వెనుక చిరుత వస్తుంది. కోళ్ల గూడుకు పైకప్పుతోపాటు గట్టి జాలీ ఉండాలి. నేరేడు, రేగు పండ్లు నేల మీద కుళ్లనిస్తే ఎలుగుబంటికి వాసన అందుతుంది. అడవి అంచు కాలనీలలో గోడ వెంట దట్టంగా పెరిగే పిచ్చిపొదలను నరికి శుభ్రంగా ఉంచాలి. పశువుల తొట్టంత పెద్ద నీటి తొట్టిని ఆరుబయట పెట్టరాదు. కొండముచ్చులకు ఆహారం పెట్టరాదు. తెల్లవారకముందు, చీకటి పడ్డాక పిల్లలను పెరటి చివరికి ఒంటరిగా పంపరాదు.

పూలు, పళ్లెం, ఆకుల పొర ఇంటివారి చేతిలో ఉన్నవి. పొదలు, చెత్తకుప్పలు, వెలగని వీధిదీపం ఒక్క ఇంటి వల్ల అయ్యేవి కావు. వాటి గురించి వార్డు కార్యాలయానికి తెలపడం పౌరుల హక్కు. భాష రాదన్న సంకోచంతో చాలా తెలుగు కుటుంబాలు ఈ హక్కును వాడుకోవు. మరాఠీ బాగా వచ్చిన పొరుగువారిని వెంటబెట్టుకుని వెళ్లినా, వచ్చిన నాలుగు మాటలతో వెళ్లినా తప్పు లేదు. వీధిదీపం వెలిగితే ఆ వీధిలోని అన్ని భాషలవారికీ వెలుగే.

ఈ పనులన్నీ ఒక్క రోజులో చేయవలసినవి కావు. ఈ వానాకాలానికి నాలుగు బంతి మొక్కలు, ఒక మట్టి పళ్లెం, నెలరోజులు మందు సీసా మూత తీయకుండా ఉండటం, ఇంత చాలు. ఆ నెలలో పేనుబంక పెరిగినట్టే కనిపిస్తుంది. కొంచెం ఓపిక పట్టాలి. దాని మధ్య ఒక చిన్న నల్లని మొసలి వంటి పిల్లపురుగు కనిపించిన రోజున నలపకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడమే ఈ ప్రసంగం కోరేది. వచ్చే తొలకరికి మట్టిలో మందు లేని పెరళ్లలో ఆరుద్ర పురుగులు ఎప్పటిలాగే పైకి వస్తాయి. అప్పుడు ఇంట్లోని పిల్లలకు వాటి రెండు పేర్లూ చెప్పాలి.